కదిలే తీగలు, కదలని షడ్జం

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఆత్మతత్త్వం బోధిస్తూ మూడు వాద్యాలను ముందుంచుతాడు. దుందుభి, శంఖం, వీణ. దుందుభి మోగుతుంటే దాని నుంచి వెలువడే ధ్వనులను విడివిడిగా పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. దుందుభిని పట్టుకుంటేనో, దాన్ని మోగించేవాణ్ణి పట్టుకుంటేనో ధ్వని కూడా పట్టుబడుతుంది. శంఖం విషయమూ అంతే, వీణ విషయమూ అంతే. విశేషాలన్నీ సామాన్యంలో ఇమిడిపోయినట్టు ఈ నామరూపాలన్నీ బ్రహ్మంలోనే ఇమిడి ఉన్నాయని శంకరులు ఈ ఘట్టాన్ని వ్యాఖ్యానించారు.

గతించిన ఒక వాద్యకారుణ్ణి తలుచుకునేటప్పుడు ఈ ఉపదేశం మరింత దగ్గరగా వచ్చి తాకుతుంది. ఆయన పలికించిన ధ్వని పుట్టిన క్షణంలోనే లయమైంది. ఆయన దేహమూ లేదు. ఆయన ఒళ్లోనో ఎదుటనో ఉండిన వాద్యం మాత్రం మిగిలింది. ఆ వాద్యాన్ని పట్టుకుని వాదకుడి దాకా వెళ్లగలమా? వాదకుణ్ణి పట్టుకుని ఇంకా లోపలికి నడవగలమా? ఈ ప్రశ్నతోనే అమెరికాకు చెందిన స్టీల్ గిటార్ విద్వాంసుడు బడ్డీ ఎమన్స్‌ను, ఆయన వాడిన వాద్యాలను స్మరించుకుంటున్నాను.

ఎమన్స్ 1937 జనవరి 27న ఇండియానా రాష్ట్రంలోని మిషవాకాలో పుట్టారు. 2015 జులై 21న, 78 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పదకొండేళ్ల వయసులో తండ్రి ఆయనకు ఆరు తీగల లాప్ స్టీల్ గిటార్ కొనిపెట్టి, దగ్గరలోని సౌత్ బెండ్‌లో హవాయి పద్ధతి నేర్పే సంగీత పాఠశాలలో చేర్చారు. పదహారేళ్లకు చదువు మానేసి వాద్యాన్నే బతుకుతెరువు చేసుకున్నారు. 1955లో, పద్దెనిమిదేళ్ల వయసులో లిటిల్ జిమ్మీ డికెన్స్ బృందంలో చేరి, కంట్రీ సంగీతానికి రాజధాని అనదగిన నాష్‌విల్ చేరుకున్నారు. ఆ తరవాత ఎర్నెస్ట్ టబ్, రే ప్రైస్ వంటి పేరున్న గాయకులకు పక్కవాద్యం వాయించారు.

ఈ వాద్యం మనకు మరీ పరాయిది కాదు. పందొమ్మిదో శతాబ్ది చివర హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే యువకుడు గిటారును ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ నడిపిస్తూ వాయించే పద్ధతిని తీర్చిదిద్దాడు. మెట్లు లేని మన గోటువాద్యం మీద విద్వాంసులు కొయ్యముక్కను జార్చుతూ రాగం పలికించేదీ, ఉత్తరాదిన విచిత్రవీణ పలికేదీ ఇదే సూత్రం మీద. అలీ అక్బర్ ఖాన్ శిష్యుడు బ్రిజ్ భూషణ్ కాబ్రా ఈ గిటారు మీదే హిందుస్థానీ రాగాలాపన చేసి, దాన్ని మన కచేరీ వేదిక మీద కూర్చోబెట్టారు. కనుక స్వరం నుంచి స్వరానికి తెగకుండా సాగే ఆ నడక మన చెవికి ఎప్పటి నుంచో తెలిసిందే.

ఎమన్స్ చేతిలో ఈ వాద్యం ఎన్ని జన్మలెత్తిందో చూడాలి. ఆరు తీగల లాప్ స్టీల్‌తో మొదలుపెట్టిన ఆయన, పాల్ బిగ్స్‌బీ తయారుచేసిన పెడల్ స్టీల్‌కు మారారు. 1957లో షాట్ జాక్సన్‌తో కలిసి షో-బడ్ అనే వాద్య నిర్మాణ సంస్థను ప్రారంభించారు. ఇద్దరి పేర్లూ కలిస్తేనే ఆ పేరు. తన పేరున్న ఆ సంస్థనూ వదిలి, 1963లో ఎమన్స్ గిటార్ కంపెనీని స్థాపించి, లోపలి యంత్రాంగాన్నే మార్చిన కొత్త వాద్యం తెచ్చారు. ఉన్న వాద్యం చాలు, పేరూ వచ్చింది, డబ్బూ వస్తోంది అనుకుని ఉంటే ఇవేవీ జరిగేవి కావు. లోపల వినిపిస్తున్నదానికీ చేతిలో ఉన్నదానికీ మధ్య ఎడం కనిపించిన ప్రతిసారీ ఆయన వాద్యాన్ని విప్పి చూశారు. సాధకుడికి ఉండవలసిన మొదటి లక్షణం ఇదే. తన పరికరం మీద మమకారం కాక, పలకవలసిన దాని మీద ఆర్తి.

ఇప్పుడు వాద్యం ఎదుట కూర్చుందాం. పెడల్ స్టీల్ గిటార్ కాళ్ల మీద నిలబడ్డ పొడవాటి బల్లలా ఉంటుంది. దాని మీద పది తీగలు బారుగా పరుచుకుని ఉంటాయి. కొన్నింటికి రెండు వరసలు, వరసకు పదేసి తీగలు. వాదకుడి ఎడమ చేతిలో ఉక్కు కడ్డీ, కుడి చేతి బొటనవేలికీ మరో రెండు వేళ్లకూ మీటడానికి తొడుగులు. ఎడమ పాదం కింద పెడళ్లు, మోకాళ్లకు ఇటూ అటూ లివర్లు, కుడి పాదం కింద ధ్వనిని హెచ్చించి తగ్గించే మరో పెడల్. చేతులు, పాదాలు, మోకాళ్లు, కళ్లు, చెవులు, అన్నీ ఏకకాలంలో ఒకే పనికి అంకితమైతే తప్ప ఒక్క వాక్యం కూడా పలకని వాద్యమిది.

ఐతరేయ ఆరణ్యకం ఒక అద్భుతమైన మాట చెబుతుంది. మనిషి దేహమే దైవీ వీణ, కొయ్యతో చేసిన మానుషీ వీణ దానికి అనుకరణ అని. వీణను చూసి దేహాన్ని వర్ణించడం కాదది. దేహమే మూలం, వీణ దాని ప్రతిబింబం. ఆ దృష్టితో చూస్తే ఈ పది తీగలు నాకు పది ఇంద్రియాలుగా తోస్తాయి. జ్ఞానేంద్రియాలు ఐదు, కర్మేంద్రియాలు ఐదు. గీత పదమూడో అధ్యాయం క్షేత్రాన్ని వివరిస్తూ పది ఇంద్రియాలను చెప్పి, వాటితోపాటు మనస్సు అనే మరొకదాన్ని చేర్చుతుంది. పది తీగల మీదా ఏకంగా ఆనే ఆ కడ్డీ మనస్సు. ఈ అంతరార్థం ఎమన్స్ చెప్పింది కాదు. ఆయన నాట్యశాలల్లోనూ రికార్డింగ్ గదుల్లోనూ తన పని తాను చేసుకుపోయిన వాద్యకారుడు. ఆయన పని నిజాయతీగా జరిగింది కనుకనే మన చింతనకు అది ఆలంబనంగా నిలుస్తోంది.

ఆ కడ్డీని గమనిద్దాం. వీణ మీద మెట్టు ఉంటుంది, వేలు నొక్కితే తీగ మెట్టుకు ఆనుతుంది. ఇక్కడ తీగలు ఎత్తుగా ఉంటాయి. కింద ఉన్నవి మెట్లు కావు, గీతలు మాత్రమే. కడ్డీని గట్టిగా నొక్కితే తీగ వంగి శ్రుతి చెడుతుంది. మరీ తేలికగా పట్టుకుంటే తీగ గరగరలాడుతుంది. తాకాలి, నొక్కకూడదు. విడవకూడదు, అదమకూడదు. మనస్సు విషయాలను ఎలా స్పృశించాలో ఇంతకన్నా సూటిగా చూపే దృశ్యం నాకు తోచదు. రాగం విషయాన్ని అదిమిపడుతుంది, ద్వేషం విదిలించి కొడుతుంది. రెండు విధాలుగానూ జీవితం అపస్వరమే పలుకుతుంది. రాగద్వేషాలు విడిచిన ఇంద్రియాలతో విషయాల నడుమ సంచరించేవాడు ప్రసాదాన్ని పొందుతాడని భగవద్గీత అన్నది సంచారం మానెయ్యమని కాదు. స్పర్శను శుద్ధి చేసుకోమని.

గీతల సంగతీ ఆలోచించదగ్గదే. కడ్డీ ఎక్కడికి వెళ్లాలో గీత కంటికి సూచిస్తుంది. స్వరం సరిగ్గా ఎక్కడ ఉందో నిర్ణయించేది చెవి. వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా గీత ఏమీ అనదు, చెవి ఒప్పుకోదు. శాస్త్రం అలాంటి గీత, అనుభవం అలాంటి చెవి. గీతలు లేకపోతే కొత్తవాడు దారి తప్పుతాడు. గీతలనే నమ్ముకున్నవాడు జీవితాంతం దరిదాపుల్లోనే తిరుగుతాడు. ఇక కడ్డీ వెనక, వాదకుడి మిగతా వేళ్లు తీగల మీద మెత్తగా వాలి వెంబడిస్తుంటాయి. అవి లేకపోతే కడ్డీ దాటివచ్చిన భాగం కూడా మోగి ముందున్న స్వరాన్ని కలుషితం చేస్తుంది. గడిచినదాన్ని శాంతపరుస్తూ సాగితేనే వర్తమానం స్వచ్ఛంగా పలుకుతుంది.

ఇక పెడళ్ల దగ్గరికి వద్దాం. ఎమన్స్ ప్రతిభ సారమంతా అక్కడే ఉంది. కడ్డీ ఒక్కటే ఉన్న రోజుల్లో అది కదిలితే తీగలన్నీ కలిసి కదిలేవి. అన్నీ పైకి, లేదా అన్నీ కిందికి. పెడల్ వచ్చాక కొన్ని తీగలు కదులుతుంటే కొన్ని నిశ్చలంగా ఉండడం సాధ్యమైంది. 1954లో ప్రజాదరణ పొందిన వెబ్ పియర్స్ పాట 'స్లోలీ'లో స్టీల్ గిటార్ వాద్యకారుడు బడ్ ఐజక్స్ తీగ మోగుతుండగానే పెడల్ తొక్కాడు. నిలిచి ఉన్న స్వరం పక్కనే మరో స్వరం వంగి, లేచి, దానితో కొత్తగా కలిసింది. ఆ ధ్వని విని నాష్‌విల్ వాద్యకారులంతా అటు తిరిగారు. యువకుడైన ఎమన్స్ కూడా వారిలో ఒకరు.

మన స్వరాల్లో చెప్పుకుంటే విషయం తేటపడుతుంది. ఈ వాద్యం మీద ప్రసిద్ధమైన శ్రుతి బంధంలో ఇంగ్లీషువారి 'ఇ'ని షడ్జం అనుకుందాం. షడ్జం, అంతర గాంధారం, పంచమం కలిసి మోగుతున్నాయి. పెడల్ తొక్కగానే గాంధారం శుద్ధ మధ్యమానికి లేస్తుంది, పంచమం చతుశ్రుతి ధైవతానికి లేస్తుంది. షడ్జం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అంతకుముందు అందరికీ ఆధారంగా వినిపించిన ఆ షడ్జమే, ఇప్పుడు మధ్యమానికి పంచమస్థానంలో నిలిచి, వేరే అందంతో వినిపిస్తుంది. అది కదల్లేదు, మారలేదు. దాని చుట్టూ ఉన్నవి మారాయి కనుక అది మారినట్టు తోచింది. ఆత్మ మీద సుఖదుఃఖాలను, బాల్యవార్ధక్యాలను మనం ఆరోపించే తీరు అచ్చంగా ఇదే. నేను మారిపోయాను అంటాం. మారింది మన చుట్టూ అమరిన స్వరసమూహం. నేను అన్నది మొదట పలికిన చోటే పలుకుతోంది.

ఐజక్స్ పద్ధతిలో ఆ రెండు తీగలూ ఒకే పెడల్‌తో కలిసి లేచేవి. ఎమన్స్ 1950ల నడుమ ఆ పనిని రెండు పెడళ్లకు పంచారు. ఒకటి గాంధారాన్ని మధ్యమానికి, మరొకటి పంచమాన్ని ధైవతానికి లేపుతుంది. చూడడానికి చిన్న మార్పు. దానితో వాద్యం భాషే మారిపోయింది. ఇప్పుడు ఒకటి లేచి మరొకటి ఆగవచ్చు. ముందు ఒకటి బయల్దేరి, ఆ తరవాత రెండోది వెళ్లి దాన్ని కలుసుకోవచ్చు. కలిసి వెళ్లి, వేరువేరుగా తిరిగి రావచ్చు.

అంతరంగంలో వివేకం చేసే పని సరిగ్గా ఇదే. అవివేకి లోపల ఎన్నో కదలికలు ఒకే పెడల్‌కు కట్టేసి ఉంటాయి. అవమానం జరిగితే కోపం రావడం, కోపం రాగానే నోరు జారడం, ఇవి రెండూ ఒకే సంఘటనలా జరిగిపోతాయి. ఆకలి వేరు, తిండి మీద ఆశ వేరు. నొప్పి వేరు, నాకే ఎందుకు అన్న ఏడుపు వేరు. వీటిని విడదీయడం వచ్చినవాడికి ఒకటి కదిలినా రెండోది నిలిపి ఉంచే స్వాతంత్ర్యం దొరుకుతుంది. ముంజగడ్డి నుంచి లోపలి పుల్లను ఓర్పుగా వేరుచేసినట్టు ఆత్మను దేహం నుంచి వేరుచేసి తెలుసుకోమంటుంది కఠోపనిషత్తు. ఆ ఓర్పు ధ్యానపీఠం మీద ఒక్కసారిగా రాదు. రోజువారీ బతుకులో ఒక్కొక్క ముడినీ గుర్తించి విప్పుకుంటూ పోవాలి.

ఎమన్స్ అక్కడితో ఆగలేదు. 1960ల తొలినాళ్లలో మరో రెండు తీగలు చేర్చారు. ఒకటి చతుశ్రుతి రిషభం, రెండోది కాకలి నిషాదం. స్థాయిలో అవి షడ్జానికి ఒకటి పై పొరుగు, ఒకటి కింది పొరుగు. అయినా వాటిని షడ్జం పక్కన పెట్టలేదు. గాంధారం తీగకు అవతల, వరసలో అన్నిటికంటే చివర, వాదకుడికి దూరంగా అమర్చారు. కూర్చిన చోటు వేరు, పలికే స్థానం వేరు. దీనివల్ల అంతకుముందు కడ్డీని జరిపితేగాని అందని స్వరాలు, కడ్డీ ఉన్నచోటే ఉండగా వేళ్లకు అందాయి. దూరంగా వెతుక్కునే వాటిలో ఎన్నో, మనస్సును ఉన్నచోటే నిలిపితే దగ్గరగా దొరుకుతాయి. కావలసిందల్లా మరో రెండు తీగలు బిగించుకునే సాహసం. అలవాటైన వరసక్రమాన్ని పక్కన పెట్టగల స్వేచ్ఛ.

ఆయన పేరు మోసిన వాద్యం లోపలి యంత్రాంగం విషయం ఒకటుంది. పెడల్ తొక్కినప్పుడు ఒక తీగ బిగుస్తుంది లేదా వదులవుతుంది. పాదం తీయగానే అది తన మొదటి శ్రుతికి తిరిగి రావాలి. కొంచెం పైనో కొంచెం కిందో ఆగిపోతే ఆ తరవాత వాయించిందంతా వ్యర్థం. కాబట్టి పెడల్ స్టీల్ నిర్మాణంలో అసలు పరీక్ష తీగను కదిలించడం కాదు, దాన్ని ఇంటికి చేర్చడం. ఎమన్స్ సంస్థ పుష్-పుల్ పద్ధతిలో తీగను పట్టి ఉంచే లోహభాగం పని లేనప్పుడు వాద్యశరీరానికి గట్టిగా ఆనుకుని ఉంటుంది. ఆ వాద్యపు గంభీరమైన నాదానికి ఈ ఆనిక కారణమని వాద్యకారులు నమ్ముతారు. ప్రవృత్తి ఎంత సుందరమైనా నివృత్తి ఖచ్చితంగా ఉండాలి. పగలంతా వ్యవహారంలో వంగిన మనస్సు సాయంకాలానికి మూలశ్రుతికి చేరుతోందా, లేక రోజుకు కొంచెం చొప్పున తప్పుతోందా? సంధ్యావందనం, జపం, ప్రార్థన అన్నీ ఈ తిరిగి చేరడం కోసం పెద్దలు ఏర్పరచినవే.

కుడి చేతి పని ఇంకా సూక్ష్మం. ఒక తీగ మీటాక తరవాతి తీగ మీటబోయే ముందు మొదటిదాన్ని ఆపాలి. ఆ అరక్షణంలో అరచేతి అంచు తీగ మీద వాలి, మళ్లీ లేస్తుంది. వేగంగా వాయించేటప్పుడు వాలడం, లేవడం, మీటడం కంటికి కనిపించవు. ఎమన్స్ వేగస్వరాల్లో ప్రతి స్వరం ముత్యంలా విడిగా వినిపించిందంటే కారణం ఈ ఆపడమే. మోగించడం అందరూ నేర్చుకుంటారు, ఆపడం నేర్చినవాడే విద్వాంసుడు. మౌనం మాటకు విరోధి కాదు. మాటకు రూపమిచ్చేది మౌనమే. కుడి పాదం కింది పెడల్‌ది దీనికి పూరకమైన పని. కొత్తవారు దాన్ని ధ్వని పెంచడానికి అనుకుంటారు. తెలిసినవారు కొంత అట్టేపెట్టి మొదలుపెట్టి, మీటిన స్వరం క్షీణిస్తున్న కొద్దీ నెమ్మదిగా పాదం దించుతూ దాన్ని నిలబెడతారు. మొదటి ఉత్సాహంలోనే ఉన్నదంతా ఖర్చుపెట్టేసిన సాధన త్వరగా ఆరిపోతుంది. ఉత్సాహం తగ్గే వేళకు శ్రద్ధ పెరుగుతూ ఉంటేనే అభ్యాసం దీర్ఘకాలం నిలుస్తుంది. అభ్యాసానికి దీర్ఘకాలం, నైరంతర్యం, సత్కారం అని పతంజలి మూడు షరతులు పెట్టింది ఇందుకే.

1963లో న్యూయార్క్‌లో జాజ్ వాద్యకారులతో కలిసి ఎమన్స్ 'స్టీల్ గిటార్ జాజ్' అనే ఆల్బమ్ రికార్డు చేశారు. పెడల్ స్టీల్ అంటే కంట్రీ పాటల పక్కవాద్యమే అన్న ముద్ర బలంగా ఉన్న రోజులవి. వాద్యానికి కులం లేదు, వాయించేవాడి లోపల ఉన్నదే అందులోంచి వస్తుందని ఆ ప్రయత్నం నిరూపించింది. కాబ్రా ఈ గడ్డ మీద గిటారుతో చేసిందీ అదే. నామరూపాలు మనం తగిలించేవి, నాదం వాటికి ముందే ఉంది.

2000 తరవాతి తొలి సంవత్సరాల్లో కుడి చేతి బొటనవేలు, మణికట్టు దెబ్బతిని ఆయన వాదనకు ఆటంకం ఏర్పడింది. ఏ చేయి ఒక వాద్యానికి భాషనిచ్చిందో ఆ చేయే సహకరించడం మానేసింది. దైవీ వీణకు కూడా తీగలు తెగే కాలం ఉంటుంది. 2013లో తరవాతి తరం స్టీల్ గిటారిస్టులు ఎందరో కలిసి ఆయనకు నివాళిగా ఒక ఆల్బమ్ వెలువరించారు. 2014 డిసెంబరులో భార్య పెగ్గీ మరణించారు. మరుసటి ఏడాది జులైలో ఆయనా వెళ్లిపోయారు.

యాజ్ఞవల్క్యుడి మాటకు మళ్లీ వస్తే, వాద్యాన్ని పట్టుకుంటే ధ్వని పట్టుబడుతుంది, వాదకుణ్ణి పట్టుకున్నా పట్టుబడుతుంది. ఈనాడు పెడల్ స్టీల్ ముందు కూర్చునే వాద్యకారుల్లో ఎక్కువమంది ఎమన్స్ చేర్చిన ఆ రెండు తీగల మీదే వాయిస్తున్నారు, ఆయన విడదీసిన రెండు పెడళ్లనే తొక్కుతున్నారు. పెడళ్ల వరసకు కూడా ఆయన పేరే నిలిచింది. ఆయన్ను ఎన్నడూ చూడని విద్యార్థి పాదం కూడా ఆయన చూపిన చోటికే వెళ్తుంది. గురుపరంపర మాటల్లోనే సాగదు. ఒక అమరికగా, ఒక అలవాటుగా, శిష్యుడికి తెలియకుండానే అతని అవయవాల్లో సాగుతుంది. మన తాతలు ఉదయాన్నే లేచి సూర్యుడికి చేతులెత్తిన అలవాటు మన భుజాల్లో ఉన్నట్టు.

ఇలాంటి వాద్యకారుణ్ణి స్మరించుకోవడమంటే ఆయన రికార్డులు విని ఆనందించడం ఒక్కటే కాదు. ఆయన తన వాద్యాన్ని చూసినట్టు మనం మన అంతఃకరణాన్ని చూసుకోవాలి. పది ఇంద్రియాల మీద మనస్సు ఎంత బరువుగా ఆనుతోందో గమనించాలి. కలగాపులగంగా కదిలే వాటిని ఒక్కొక్కటిగా విడదీయాలి. కదిలిన ప్రతిదీ తన శ్రుతికి తిరిగి వచ్చేలా రోజూ సరిచూసుకోవాలి. ఇంత చేసిన నాడు, ఎన్ని స్వరాలు మారినా తాను మారకుండా మోగుతున్న ఆ ఒక్క తీగ మనకు తప్పక వినిపిస్తుంది. దాన్ని విన్నవాడికి కదలికలంటే భయం ఉండదు. గాంధారం మధ్యమమైనా, పంచమం ధైవతమైనా, తన షడ్జం తనతోనే ఉందని వాడికి తెలుసు.